అక్క పేరు రెండుసార్లు

"మీ అక్క శత్రువులకి అమ్ముడుపోయింది. ఇప్పుడే వెళ్లి పట్టుకో," అన్నాడు పెద్దాయన.

ఆ మాట వినగానే పిచ్చుక చెవిలో దాచుకున్న గింజంత రేడియోని ఇంకాస్త లోపలికి నొక్కుకుంది. పిచ్చుక అన్నది గూఢచారి శాఖ ఆమెకి పెట్టిన పేరు. పెద్దాయన ఆ శాఖ అధిపతి. ఇంట్లోవాళ్ల దృష్టిలో ఆమె బీమా ఆఫీసులో గుమాస్తా.

"విదేశీ ముఠా ఆనకట్ట కంట్రోల్ రూమ్ సర్వర్‌లో దూరింది. గేట్లన్నీ ఒకేసారి ఎత్తేస్తే దిగువ ఊళ్లు మిగలవు. వాడుతున్న లాగిన్ అక్కడ పనిచేసే మీ అక్కది. ఆడిటర్ వేషంలో మన మనిషి నెమలి అక్కడే ఉంది."

"సర్వర్ ఆపేస్తే?"

"గేట్లు మన చేతికీ అందవు. మనిషిని ఆపు."

ఏసీ మెకానిక్ టోపీ, అతికించిన మీసంతో పిచ్చుక కంట్రోల్ రూమ్ తలుపు తట్టింది. తీసింది నెమలే. పొడవాటి కోటు, నీలంరంగు స్కార్ఫ్, ఖరీదైన సెంటు. ఆమె నడిచొస్తుంటే శాఖలో మగవాళ్లంతా పొట్టలు లోపలికి లాక్కునేవాళ్లు.

"చల్లదనం చాలట్లేదు," అంది నెమలి. అది కోడ్.

"గాలి దారి మారింది," అంది పిచ్చుక. అది జవాబు.

నెమలి చేతులు రెండూ కోటు జేబుల్లో పెట్టుకుని కిటికీ పక్కన నిలబడింది. గదిలో ఇంకెవరూ లేరు, అక్క తప్ప. ఆమె కంప్యూటర్ ముందు నుంచి తలతిప్పి ఎగాదిగా చూసింది.

"ఏమే, బీమా ఆఫీసులో మీసాలు కూడా ఇస్తున్నారా?"

"అక్కా, కుర్చీలోంచి లే."

ఆ గొంతు విని అక్క నవ్వు ఆగిపోయింది. గోడమీద గేటుకో దీపం ఉంది. తాళం పడి ఉంటే పచ్చ, తాళం తీస్తే ఎరుపు. అన్నీ ఎర్రబడితేనే గేట్లు ఒకేసారి లేస్తాయి. అప్పటికే సగం ఎర్రబడ్డాయి.

"నేను తియ్యట్లేదే," అంది అక్క. "తాళం వేద్దామంటే కంప్యూటర్ నా మాట వినట్లేదు."

పిచ్చుక కీబోర్డు లాక్కుని డబ్ల్యూ అన్న ఒక్క అక్షరం కొట్టి ఎంటర్ నొక్కింది. సర్వర్‌లో ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారో, ఎక్కడి నుంచో, చివరి కీ నొక్కి ఎంతసేపయిందో చూపించే కమాండ్ అది. రెండు లైన్లు వచ్చాయి. రెండింట్లోనూ అక్క పేరే. రెండూ ఈ భవనం లోపలివే.

"ఒకటి పైకి, ఒకటి దొంగచాటుగా," అంది నెమలి మెల్లగా. "పాపం, సొంత అక్క."

"రెండోది ఎవరిది అక్కా?"

"ఏమో. ఇక్కడ అందరం నా పేరు మీదే పనిచేస్తాం. డ్యూటీ మారినా లాగౌట్ అవ్వం. మళ్లీ లాగిన్ అయ్యేదాకా గేట్లని చూసుకునేవాళ్లు ఉండరుగా. కుర్చీలో మనిషి మారతాడు, పేరు మారదు."

"పాస్‌వర్డ్?"

"అడిగినవాళ్లకి చెప్తాం. లోపలివాళ్లేగా."

"కట్టుకథ," అన్నాడు పెద్దాయన చెవిలో. "బేడీలు వెయ్యి."

బడికి వెళ్లే రోజుల్లో తనకి జడలు వేసిన చేతులవి. పిచ్చుక వాటిని వెనక్కి విరిచి బేడీలు వేసింది. అక్క చెయ్యి లాక్కోలేదు. లాక్కున్నా బాగుండేది.

గోడమీద ఇంకో దీపం ఎర్రబడింది.

పిచ్చుక మళ్లీ డబ్ల్యూ కొట్టింది. రెండో లైన్‌లో ఎవరో అప్పుడే కీ నొక్కారు. మళ్లీ కొట్టింది. ఇంకా నొక్కుతూనే ఉన్నారు. అక్క చేతులు చూస్తే వీపు వెనక ఇనుములో ఉన్నాయి.

ఆ లైన్ తెంపేసినా లాభం లేదు. పాస్‌వర్డ్ తెలిసిన మనిషి క్షణంలో మళ్లీ దూరుతుంది. పిచ్చుక చూపు కోటు జేబుల మీద ఆగింది.

"మేడమ్, పట్టుకోండి," అని బేడీల తాళంచెవి విసిరింది.

నెమలి చేతులు అసంకల్పితంగా బయటికొచ్చి దాన్ని అందుకున్నాయి. పిచ్చుక డబ్ల్యూ కొట్టింది. రెండో లైన్ ఆగింది. మళ్లీ కొట్టింది. ఇంకా ఆగే ఉంది.

గోడమీద అప్పటికి ఒక్క పచ్చదీపమే మిగిలింది.

"మీ అక్క కన్నా నయం నువ్వు," అంది నెమలి. కుడిచెయ్యి మళ్లీ జేబులోకి వెళ్లింది.

పిచ్చుక దూకింది. ఇద్దరూ కుర్చీతో సహా కిందపడ్డారు. జేబులోంచి కీబోర్డున్న అరచేతంత కంప్యూటర్ జారి నేలమీద పడింది. చివరి దీపం మినుకుమంటోంది. నెమలి చెయ్యి కీబోర్డు వైపు పాకుతుంటే అక్క ముందుకొచ్చి కాలితో దాన్ని గోడవైపు తన్నింది. పిచ్చుక లేచి రెండో లైన్ తెంపేసింది. దీపం పచ్చగా నిలబడింది.

నెమలికి బేడీలు మార్చాక, అక్క గేట్లకి ఒక్కొక్కటిగా తాళాలు వేసింది. దీపాలన్నీ పచ్చబడ్డాయి.

"శభాష్," అన్నాడు పెద్దాయన. "మీ అక్కని అడిగానని చెప్పు."

పిచ్చుక రేడియో పీకి జేబులో పడేసింది.

అక్క మణికట్టు రుద్దుకుంటూ అడిగింది. "నమ్మావా?"

"ఆర్డర్, అక్కా."

"ఆర్డర్ గురించి అడగలేదు."

పిచ్చుక బేడీల తాళంచెవి జేబులో వేసుకుంది. మీసం ఒకవైపు ఊడి వేలాడుతోంది.

అక్క లాగౌట్ అయింది. ఆ గదిలో అలా చేసినవాళ్లని ఎవరూ చూసి ఉండరు. మళ్లీ లాగిన్ అయి, కొత్త పాస్‌వర్డ్ కొట్టబోతూ ఆగి, ఎడమచేత్తో కీబోర్డు కప్పి చెల్లెలి వైపు చూసింది.

"అటు తిరుగు," అంది.