మండలి గోడమీది చక్రం

కొత్తరేవులో ఆటశాల గడప తొక్కాలంటే ముందు మణికట్టుకు పట్టీ కట్టించుకోవాలి. 2074 నాటికి అది చెప్పులు బయట విప్పడమంత మామూలైపోయింది. భీమిలి తీరానికి ఆవల, సముద్రం మీద తేలే ఆ పట్నంలో ఆటశాలలు నలభై. వాటికి లైసెన్సులిచ్చేది ఆటల మండలి. వాటివల్ల పాడైపోయినవాళ్లను కాపాడేదీ ఆటల మండలే. ఇందులో వింతేముందన్నట్టుగా అక్కడ అందరూ బతికేవారు.

పట్టీ అసలు పేరు ఆశామాపకం. కనిపెట్టినవాడు మండలి శాస్త్రవేత్త కణితి పార్వతీశం. మనిషిని వ్యసనంలోకి లాగేది గెలుపూ కాదు, ఓటమీ కాదని ఆయన వాదన. చక్రం తిరుగుతూ ఉంటుంది, ఇంకా ఆగలేదు. ఆ మూడు నాలుగు క్షణాల్లో మెదడులో డోపమిన్ ఎగస్తుంది. ముల్లు పక్క గడిలో ఆగి త్రుటిలో తప్పిపోతే ఇంకా ఎగస్తుంది. దానికి ఆయన ఆశాతరంగం అని పేరు పెట్టాడు. పట్టీలోని సెన్సర్లు చెమటను, నాడిని, కండరాల సన్నని వణుకును కలిపి చదివి ఆ తరంగం ఎత్తు చెబుతాయి. పచ్చగా ఉంటే ఆడుకోవచ్చు. ఎర్రబడిందంటే ఎదురుగా ఉన్న యంత్రానికి సంకేతం వెళ్తుంది, బ్రేకు పడుతుంది, ఆట ఆగుతుంది. పట్టీని బతిమాలి లాభం లేదు.

అందుకని జనం ఇన్‌స్పెక్టర్లను బతిమాలేవారు. గొర్లె నూకరత్నం తొమ్మిదేళ్లుగా ఆ బతిమాలుళ్లు వింటోంది. కిందటేడు పడవల మోటార్లు బాగుచేసే సింహాచలం కూడా అలాగే ఆమె ముందుకొచ్చాడు.

"మేడం, మిషను పాడైపోనాదండి. నా సెయ్యి ముట్టుకుని సూడండి, సల్లగా ఉంది."

"ఇక్కడికొచ్చిన ప్రతివాడి మిషనూ పాడైపోయిందే. కూర్చో సింహాచలం. నాలుగు ప్రశ్నలు."

ఆ నాలుగు ప్రశ్నలున్న కాగితాన్ని దూరపత్రం అంటారు. ఇక్కడికి రావడానికి ఏ పని ఎగ్గొట్టావు? ఎవరికి అబద్ధం చెప్పావు? ఆపేస్తానని ఎన్నిసార్లు అనుకున్నావు? ఇంకొక్కసారి తిరిగితే నీకే తగులుతుందనిపిస్తోందా? నాలుగోదానికి అందరూ లేదనే అంటారు. అన్నప్పుడు పట్టీ రంగు చూస్తే చాలు. సంతకం పెట్టినవాడు రెండేళ్లు ఏ ఆటశాలలోకీ అడుగు పెట్టకూడదు. సింహాచలం ఆమెను నోటికొచ్చినట్టు తిట్టి, సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

అతన్నే ఈ ఏడాది అవగాహన దినానికి అతిథిగా పిలిచారు. నెలనెలా జరిగే సిబ్బంది సత్కారం కూడా ఆరోజే. ఒకే హాలు, ఒకే మైకు, ఒకే ఉప్మా.

ఆ సత్కారం సంగతి చెప్పాలి. పూర్వం ఉత్తమ ఉద్యోగి షీల్డు పైవాళ్ల కాళ్ల చుట్టూ తిరిగేవాళ్లకే దక్కేది. యూనియను గొడవ చేసింది. నెల రోజులు పని ఆపింది. చివరికి పైవాళ్లూ యూనియనూ కలిసి ఒక తెలివైన పని చేశారు. మూతపడిన ఒక ఆటశాల నుంచి చక్రం తెచ్చి, రంగులేసి, మండలి గోడకు బిగించారు. ఆ నెలలో ఎక్కువమంది చేత దూరపత్రం రాయించిన ఎనిమిదిమంది పేర్లు చక్రం మీద రాస్తారు. తిప్పుతారు. ముల్లు ఎవరి పేరు మీద ఆగితే వారిదే షీల్డు. పక్షపాతం అన్నమాటే లేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

నూకరత్నం పేరు పదకొండుసార్లు చక్రమెక్కింది. పదకొండుసార్లూ తప్పిపోయింది. మూడుసార్లు ముల్లు పక్క గడిలోనే ఆగింది. ఆ ఎనిమిదిమందిలో ఉండడం కోసం ఆమె ఆదివారాలు కూడా ఆటశాలలకు వెళ్లింది. చెల్లెలి గృహప్రవేశానికి డుమ్మా కొట్టి, డ్యూటీ వేశారని చెప్పింది. ఎవరూ వెయ్యలేదు.

ఆరోజు ఛైర్మన్ రుద్రరాజు మైకు పట్టుకుని, "మన సిబ్బంది ఎంత నిబ్బరంగా ఉంటారో జనం చూడాలి. అందరూ పట్టీలు కట్టుకోండి. పచ్చగా వెలిగే చేతులు పైకెత్తి ఫొటో దిగుదాం" అన్నాడు. కట్టుకున్నారు. ఎత్తారు. హాలంతా వరిచేనులా పచ్చబడింది.

"రత్నమ్మ గారూ, పన్నెండోసారి!" వెనక వరుస నుంచి ఎవరో అరిచారు. "ఇవాళా రాకపోతే చక్రానికి దిష్టి తీయించాలి!"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. చక్రం తిరిగింది. టకటకమన్న చప్పుడు మెల్లమెల్లగా పలచబడుతోంది. ముల్లు ఆమె పేరుకు రెండు గడుల దూరంలో ఉండగా చక్రం గట్టిగా కీచుమని ఆగిపోయింది.

ముల్లు రెండు గడుల మధ్య గీత మీద నిలబడింది.

పార్వతీశం పరుగున వెళ్లి చక్రం వెనక చెయ్యి పెట్టి చూశాడు. ఛైర్మన్ వైపు తిరిగాడు. "సార్, ఇది ఆటశాల చక్రమే కదా. లోపల సంకేతం అందుకునే పెట్టె అలాగే ఉంది. ఎవరూ తియ్యలేదు. ఈ హాల్లోంచే దీనికి ఎరుపు సంకేతం వచ్చింది."

చక్రం మీద పేర్లున్నవాళ్లలో ఏడు చేతులు జేబుల్లోకి, పైటచెంగుల కిందికి వెళ్లిపోయాయి. ఎనిమిదో చెయ్యి ఇంకా ఒళ్లోనే ఉంది. పక్క కుర్చీలో ఉన్న సింహాచలం దానివంక చూశాడు.

"మేడం, మీ సెయ్యి ఎర్రగుందండి."

"మిషను పాడైంది," అంది నూకరత్నం.

అన్న తరవాత ఆ మాట ఆమెకు వినబడింది. తొమ్మిదేళ్లుగా విన్న మాట, ఇప్పుడు తన నోట్లోంచి. సింహాచలం నవ్వలేదు. అతను నవ్వి ఉంటే ఆమె ఏదో ఒకటి అనేసి బయటపడేది.

వేదిక మీద రుద్రరాజు కసురుకుంటున్నాడు. "చిన్న టెక్నికల్ లోపం. అందరూ పట్టీలు విప్పండి. మళ్లీ తిప్పుదాం."

"సార్, అది లోపం కాదు," అన్నాడు పార్వతీశం. "పట్టీ చేయాల్సిన పనే చేసింది."

"మా వాళ్లు జూదగాళ్లంటావేంటయ్యా? పోయి కూర్చో!"

పట్టీలు విప్పుతున్న చప్పుడు వరుస వెంట వరుస వినిపించింది. నూకరత్నం విప్పలేదు. లేచి వరండాలోకి వెళ్లింది. సంచిలో ఎప్పుడూ ఉండే దూరపత్రాల్లోంచి ఒకటి లాగింది. వెనకే వచ్చిన సింహాచలానికి ఇచ్చింది.

"అడుగు."

"నానేటి అడగడం మేడం?"

"నిన్ను నేను అడగలేదా? అడుగు."

అతను కూడబలుక్కుంటూ చదివాడు. మొదటిదానికి చెల్లెలి గృహప్రవేశం అని చెప్పింది. రెండోదానికి చెల్లెలికే అంది. మూడోదానికి పదకొండుసార్లు అంది. అతను ఆమె పెన్నుతో కాగితం మీద చెప్పింది చెప్పినట్టు రాసుకుపోయాడు. ఆమె సంతకం పెడితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. రెండేళ్లు ఆటశాలల్లో అడుగు పెట్టలేని ఇన్‌స్పెక్టరుకు మండలిలో మిగిలేది రికార్డుల గది. దుమ్ము పట్టిన ఫైళ్లు, ఒక ఫ్యాను.

నాలుగో ప్రశ్న అతను చదవబోతుండగా లోపల చక్రం మళ్లీ టకటకమంది. ఆమె మెడ తలుపు వైపు తిరిగిపోయింది. చప్పుడు పలచబడింది. ఆగింది.

"గొర్లె నూకరత్నం!"

హాలు హోరెత్తిపోయింది. ఎవరో ఈల వేశారు. ఇద్దరు తోటి ఉద్యోగులు పరుగెత్తుకొచ్చి ఆమెను రెక్క పట్టుకున్నారు. "రండమ్మా రండి, పట్టేశారు చివరికి!"

సింహాచలం గొంతు తగ్గించి అన్నాడు. "నాకు మొదటిరోజే తగిలిందండి. అదే నా కొంప ముంచీసింది."

ఆమె లోపలికి వెళ్లింది. రుద్రరాజు షీల్డు చేతిలో పెట్టాడు. బరువుగా ఉంది. పన్నెండు నెలలుగా ఆమె ఊహించుకున్నంత బరువుగానే ఉంది. ఇక పచ్చబడుతుంది కదా అని ఆమె మణికట్టు వైపు చూసుకుంది. కావలసింది వచ్చేసింది కదా, ఇంకా దేనికి?

పట్టీ ఎర్రగానే ఉంది. తన చూపు ఎక్కడుందో అప్పుడు తెలిసింది ఆమెకు. షీల్డు మీద లేదు. వేదిక పక్కన గుమాస్తా నిచ్చెనెక్కి, తడిగుడ్డతో చక్రం మీది పేర్లు తుడుస్తున్నాడు, వచ్చేనెల కోసం.

"రెండు మాటలు చెప్పండమ్మా," అన్నాడు ఛైర్మన్.

ఆమె మైకు పట్టుకోలేదు. వేదిక దిగి, గుమ్మం దగ్గర నిలబడ్డ సింహాచలం దగ్గరికి వెళ్లింది.

"నాలుగోది చదువు."

"ఇంకొక్కసారి తిరిగితే మీకే తగుల్తాదనిపిస్తందా?"

"అనిపిస్తోంది," అంది నూకరత్నం.

షీల్డును ఎడమచేతి మీద బోర్లా వేసి, దాని వెనకవైపు నున్నగా ఉంది కనక కాగితం దానిమీద పరిచి, సంతకం పెట్టింది. పెడుతున్నంతసేపూ పట్టీ ఎర్రగానే వెలిగింది.