పావువంతు నొప్పి

"ఆపండి! ఆపమంటున్నానా!"

సోమరాజు కుర్చీ చేతులు బిగించి పట్టుకుని అరిచాడు. మెషీన్ ఇంకా పావువంతు బలం మీదే నడుస్తోంది. సైంటిస్ట్ మృదుల మీట కాస్త తగ్గించింది గానీ ఆపలేదు. ఎదురుగా స్టూలు మీద అతని భార్య భానురేఖ, తలకి స్కార్ఫ్ కట్టుకుని, రెప్ప వెయ్యకుండా చూస్తోంది. కిందటిసారి కీమో అయ్యాక ఆమె ఒంట్లో ఏం జరిగిందో, అదే ఇప్పుడు అతని ఒంట్లో జరుగుతోంది.

ఆ మెషీన్ పేరు సహవేదిని. నొప్పి, వికారం, నీరసం అన్నీ నరాల మీదుగా మెదడుకి వెళ్లే సిగ్నల్సే కదా. రొమ్ము క్యాన్సర్‌కి కీమో తీసుకుంటున్న మనిషి మెడకి ఒక పట్టీ కట్టి ఆ సిగ్నల్స్ రికార్డు చేస్తారు. వాటినే ఇంకో పట్టీతో ఇంకో మనిషి నరాల్లోకి పంపిస్తారు. మందు ఎక్కదు, జుట్టు ఊడదు. పట్టీ తీస్తే అంతా మామూలే.

"నీరసమా? మా అమ్మ జ్వరంతో కూడా పదిమందికి వండేది" అనే మొగుళ్లు ఆ కాకినాడ ఆసుపత్రి వార్డులో మంచానికొకడు ఉన్నారు. వాళ్లని నమ్మించాలని మృదుల ఇది తయారుచేసింది. అంతకుమించి ఆమెకి ఇంకే ఉద్దేశమూ లేదు.

సోమరాజు నమ్మాడు. పట్టీ తీయగానే ఏడ్చాడు కూడా.

"ఇంత ఉంటుందని చెప్పవేం భానూ?"

"మొదటి కీమో నుంచీ చెప్తూనే ఉన్నానండీ."

మర్నాటి నుంచీ చుట్టాలు రావడం మొదలైంది. ఆమెని చూడ్డానికనుకునేరు! అతన్ని చూడ్డానికి. యాపిల్స్, హార్లిక్సు సీసాలు, "పెళ్లాం కోసం ఎంత యాతన పడ్డాడో పాపం" అని కళ్లొత్తుకోవడాలు. వాళ్లందరికీ కాఫీలు ఎవరు కలిపారో నేను చెప్పక్కర్లేదు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ వార్డు చివర కిటికీ దగ్గర ఆడవాళ్లు వారానికోసారి కూర్చునేవాళ్లు. ట్రీట్‌మెంట్ ఎప్పుడో ముగించుకున్న మస్తానమ్మ టిఫిన్ డబ్బాతో వచ్చి, ఆపరేషన్ అయిన వైపు చేతికి బీపీ పట్టీ కట్టనివ్వద్దనీ, గోడ మీద వేళ్లు పాకిస్తూ భుజాన్ని మెల్లగా పైకి లేపమనీ చెప్పేది. ఆసుపత్రివాళ్లు ముచ్చటపడి ఆ గ్రూపుకి హాలూ మైకూ ఇచ్చారు. ఊసుపోనివాళ్లు దూరి నాటుమందులు అంటగట్టకుండా ఒక రూలూ పెట్టారు. ఆ నొప్పి అనుభవించినట్టు సహవేదిని ఇచ్చే బ్యాడ్జి ఉన్నవాళ్లే అక్కడ మాట్లాడాలి. మెషీన్ ఏమో, నొప్పి అందుకున్నవాళ్లకి తప్ప ఇచ్చినవాళ్లకి బ్యాడ్జి ఇవ్వదు.

హాలు మొగుళ్లతో నిండిపోయింది. సోమరాజు ప్రెసిడెంటు అయ్యాడు.

ఇక ఒక్క కీమో మిగిలి ఉండగా భానురేఖ ఆ హాలుకి వెళ్లింది. నోరంతా పుండ్లు. మంచినీళ్లు తాగినా మంట. ఆఖరిదానికి వెళ్లకూడదని మనసులో దాదాపు తేల్చేసుకుంది. దాన్ని దాటొచ్చిన మనిషి ఎవరైనా ఒక్కమాట చెప్తారేమోనని చివరి ఆశ.

వేదిక మీద సోమరాజు, భుజాన శాలువా. "ఆ కొద్ది నిమిషాలు నాకు జీవితమంటే ఏమిటో నేర్పాయి!"

ముందు వరసలోంచి ఒకాయన లేచాడు. "మీది పావువంతే కదండీ. నేను సగం బలం మీద తట్టుకున్నాను!" చప్పట్లు అటు తిరిగాయి.

భానురేఖ చెయ్యెత్తింది. "నోరంతా పుండ్లండీ. ఆఖరి కీమోకి వెళ్లాలో వద్దో..."

"బ్యాడ్జి లేనివాళ్లు మాట్లాడకూడదు భానూ," అన్నాడు సోమరాజు మైకులోనే. "ప్రెసిడెంటుని, నా భార్యకే రూలు సడలిస్తే ఏం బాగుంటుంది?"

"పాజిటివ్‌గా ఉండండి మేడమ్," అన్నాడు సగం బలం ఆయన.

భానురేఖ వెనక్కి తిరిగింది. తలుపు దగ్గర మృదుల నిలబడి ఉంది. "నా నొప్పి మీ మెషీన్‌లోనే ఉంది కదండీ. చెప్పండి వీళ్లకి."

"మెషీన్‌కి మీరు సోర్స్ మాత్రమేనండీ. ఒక్కసారి కుర్చీలో కూర్చుంటే బ్యాడ్జి..."

"నా నొప్పే మళ్లీ నాకు పెడతారా?"

మృదుల తల దించుకుంది. "రూలు మార్చమని కమిటీకి రాశానండీ."

"కమిటీలో ఎవరున్నారు?"

మృదుల కళ్లు వేదిక వైపు వెళ్లాయి.

వెనక వరసలోంచి మస్తానమ్మ లేచి వచ్చి భానురేఖని మెట్ల మీదకి లాక్కుపోయింది. "కూర్చో అమ్మాయ్. ఆఖరిదానికి నేనూ సగం దూరం వెళ్లి ఆటో వెనక్కి తిప్పించేశాను. మర్నాడు ఏడుస్తూ వెళ్లాను. ధైర్యం లేదు, గీర్యం లేదు. నీ అంతట నువ్వు మాత్రం మానెయ్యకు. ముందు ఆ నోరు డాక్టరుకి చూపించు. మందు తగ్గించాలో, కొన్నాళ్లు ఆపాలో ఆయన చూస్తాడు. ఆ రోజు నీ పక్కన నేను కూర్చుంటా."

"నీకూ బ్యాడ్జి లేదు కదక్కా."

"పెట్టుకోడానికి రొమ్మే లేదు, నాకు బ్యాడ్జి ఎందుకే!"

భానురేఖ నవ్వింది. నోరు భగ్గుమంది. అయినా నవ్వింది.

ఫోన్ మోగింది. సోమరాజు. "ఎక్కడున్నావ్? మాట్లాడి మాట్లాడి ఆనాటి నీరసమంతా తిరగబెట్టింది నాకు. ఇంటికెళ్లి కారం లేకుండా ఏదైనా వండు."

"హాలు నిండా అనుభవం ఉన్నవాళ్లే కదండీ," అంది భానురేఖ. "ఎవరో ఒకరు వండి పెడతార్లెండి."

ఫోన్ పెట్టేసి, మెట్ల కమ్మీ పట్టుకుని లేచింది.

"పద అక్కా. డాక్టరు వెళ్లిపోకముందే నోరు చూపిద్దాం."