గడప మీద మూడో దీపం

మేడ్చల్ స్టేషన్లో సిగ్నల్ దీపాలు చూసుకునే ఏలియాకు ఒక అలవాటు ఉండేది. వెలుగు ఎక్కడ కనిపించినా లెక్కపెట్టేవాడు. రోజూ పొద్దుగూకే వేళ కిరసనాయిలు పోసిన దీపం పట్టుకుని స్తంభం ఎక్కేవాడు. దీపాన్ని దాని చోట తగిలించి, పైనుంచి కనిపించే ఊరి దీపాలన్నీ వరసపెట్టి లెక్కపెట్టాకే కిందికి దిగేవాడు. "ఇగ చుక్కల్ని గూడ లెక్కవెట్టరాదు, జీతం పెంచుతరు" అని భార్య దానమ్మ ఎగతాళి చేసేది.

ఆ దానమ్మ ఇప్పుడు లేదు. ఆ ఏడు వానాకాలంలో కలరా గత్తర వచ్చి, పట్టాల పక్కన ఉన్న ఏడిళ్ల క్రైస్తవుల వాడలో తొమ్మిది మందిని ఎత్తుకుపోయింది. వాళ్లలో దానమ్మ ఒకతె. చివరి రాత్రి ఆమెకు నీళ్లు కూడా నిలవలేదు. అయినా ఒకటే మాట అడిగింది. బిడ్డను తెచ్చి పక్కలో పడుకోబెట్టమంది. ఆరేళ్ల మరియమ్మ తలుపు అవతల నిలబడి అమ్మా అమ్మా అని ఏడుస్తోంది. ఏలియా తలుపు తీయలేదు. రోగం బిడ్డకు అంటుకుంటుందని భయం. ఆ భయం తప్పని ఎవరూ అనలేదు, తెల్లవారుజామున కళ్లు మూసిన దానమ్మ తప్ప. ఆమె చివరి చూపులో ఉన్నది ప్రేమ కాదని ఏలియాకు తెలుసు.

ఆ రోజు నుంచి మరియమ్మ నోరు విప్పలేదు. పెడితే తినేది, పడుకోమంటే పడుకునేది. ఇంట్లో ఉన్నది ఇద్దరు, అందులో ఒకరికి మాట లేదు. ఈ పిల్ల కూడా తన చేతుల్లోంచి జారిపోతోందని ఏలియాకు దిగులు పట్టుకుంది.

ఆ వాడకు ఒక ఆనవాయితీ ఉంది. క్రిస్మస్ ముందు రోజు చీకటి పడుతుండగా ఏడిళ్లలోనూ దీపాలు, పొయ్యిలు ఆర్పేస్తారు. గుడిలో పీఠం ముందు వెలిగించిన ఒక్క దీపం నుంచి నిప్పు అందుకుని, ఇంట్లో ఎంతమంది ఉంటే గడప మీద అన్ని కొవ్వొత్తులు వెలిగిస్తారు. నెలల పిల్లకైనా ఒకటి ఉండాల్సిందే. ఎవరిది వాళ్లదే, ఒకరిది ఇంకొకరు ముట్టరు. ఈ ఏర్పాటంతా దానమ్మ చూసేది. ఆ రాత్రి మరియమ్మ గడప ముందు గంతులు వేసేది.

"ఈ ఏడు వద్దులే అన్నా," అన్నాడు పక్కింటి సత్తయ్య. గత్తరలో తల్లిని పోగొట్టుకున్నవాడు. "యుద్ధం జేయబట్టి సికింద్రాబాదుల గూడ మొంబత్తి దొరుకుత లేదు. ఉన్నదాంట్ల ప్రార్థన జేసుకుందం."

"నా బిడ్డ మొకం మీద వెలుగు చూడాలె తమ్మీ," అన్నాడు ఏలియా. "మొంబత్తుల సంగతి నేను చూసుకుంట."

ఎలా చూసుకున్నాడో చెప్పలేదు. చెబితే సుందరమ్మవ్వ అతని కాళ్లు విరగ్గొట్టేది. ఆమె ఆ వాడకు పెద్దదిక్కు, గుడి తాళాలు ఆమె కొంగుకే ఉంటాయి.

నవంబరులో సమాధుల పండుగకు అల్వాల్ పాదిరిగారు ఒక పెట్టె కొవ్వొత్తులు పంపారు. అవన్నీ బొందలగడ్డలో కొత్త సమాధుల మీద వెలిగించారు. వెలిగించిన కాసేపటికే ముసురు పట్టింది. సగం కూడా కాలకుండానే అన్నీ ఆరిపోయాయి. చనిపోయినవాళ్లకు ఇచ్చిన వెలుగు ఇంటికి తేకూడదని పెద్దలు చెబుతారు. ఆ మాట ఏలియాకూ తెలుసు. కానీ మైనం మైనమే కదా, దానికేం తెలుసు ఎవరి కోసం కాలుతున్నదో అనుకున్నాడు. అవసరం వచ్చినప్పుడు మనిషికి ఇలాంటి తెలివి పుట్టుకొస్తుంది.

ఒక మధ్యాహ్నం బిడ్డను వెంటబెట్టుకుని వెళ్లి, తొమ్మిది సమాధుల మీద మిగిలిన ముక్కలన్నీ గోనెసంచిలో ఏరుకొచ్చాడు. స్టేషన్ దీపాల గదిలో కరిగించి, బొప్పాయి కాడల్లో దారం నిలబెట్టి పోశాడు. గట్టిపడ్డాక కాడలు చీల్చి తీస్తే ఇరవయ్యేడు వచ్చాయి. వాడలో మిగిలిన మనుషులు కూడా సరిగ్గా ఇరవయ్యేడు మందే. దేవుడే లెక్క కుదిర్చాడని సంబరపడ్డాడు. ఎంత కడిగినా మైనంలో తడిమట్టి వాసన పోలేదు. దాన్ని మాత్రం పట్టించుకోలేదు.

మరియమ్మ ఒక కొవ్వొత్తి తీసుకుని, అది ఇంకా వెచ్చగా ఉండగానే అడుగున కొరికింది. ముందు పళ్లు రెండు ఊడిన నోరు. మధ్యలో సందుతో పళ్ల గుర్తు చక్కగా పడింది.

"ఇది నీదా బిడ్డా?" అన్నాడు ఏలియా. పిల్ల తల ఊపింది. నాలుగు నెలల్లో ఆమె తనకు ఏదైనా కావాలని చూపించడం అదే మొదలు.

క్రిస్మస్ ముందు రోజు రానే వచ్చింది. షామీర్‌పేట చెరువు దిక్కు నుంచి చలిగాలి తోలి, సాయంత్రానికి పూర్తిగా పడిపోయింది. ఏడిళ్లలో దీపాలు ఆరాయి. పొయ్యిల మీద నీళ్లు చల్లిన వాసన వాడంతా నిండింది. ఏలియా తన గడప మీద రెండు కొవ్వొత్తులు నిలబెట్టి, వాటి ముందు మరియమ్మను కూర్చోబెట్టాడు. సుందరమ్మవ్వ గుడిలోంచి దీపం పట్టుకుని బయటికి వచ్చింది. పాట అందుకున్నారు. తన కొవ్వొత్తి వెలిగించుకున్నాడో లేదో, అతను స్టేషన్‌కు పరుగెత్తాల్సి వచ్చింది. పండుగైనా పబ్బమైనా రాత్రి బండికి సిగ్నల్ దీపం ఉండాల్సిందే.

స్తంభం ఎక్కాడు. దీపం తగిలించాడు. వెనక్కి తిరిగి వాడ వైపు చూశాడు.

చూడముచ్చటగా ఉంది. చీకట్లో చిన్న చిన్న వెలుగులు వరసగా, కదలకుండా నిలబడ్డాయి. దానమ్మ ఉంటే ఎంత మురిసిపోయేదో అనుకుంటూ, అలవాటు కొద్దీ లెక్కపెట్టాడు.

ముప్పయ్యారు.

తప్పు పెట్టానేమో అనుకుని ఈసారి ఇంటింటికీ ఆగి లెక్కపెట్టాడు. ముప్పయ్యారే. తను పోసినవి ఇరవయ్యేడు. తొమ్మిది ఎక్కువ.

తొమ్మిది...

నిచ్చెన మెట్లు కాళ్లకు తగలకుండానే దిగాడు. వాడ మొదట్లోనే సత్తయ్య ఎదురయ్యాడు. "అన్నా, మా ఇంట్ల నలుగురమేనాయె. గడప మీద ఐదున్నయి. నువ్వేమన్న ఎక్కువిచ్చినవా?"

ఏలియా అతన్ని దాటుకుని ముందుకు పోయాడు. గాలి లేదు, అయినా తడిమట్టి వాసన వాడంతా కమ్ముకుని ఉంది. దాంతోపాటు కుళ్లిన బంతిపూల వాసన. పాట ఎప్పుడో ఆగిపోయింది. ప్రతి గడప ముందూ జనం నిలబడి తమ దీపాలను తామే వింతగా చూసుకుంటున్నారు.

తన గడప మీద మూడు వెలుగుతున్నాయి.

మూడోది కూడా అచ్చం వాటిలాగే ఉంది, అదే బొప్పాయి కాడ చారలతో. మరియమ్మ దాని ముందు చేతులు చాచి చలి కాచుకుంటోంది.

"ఇది ఎవరు పెట్టిండ్రు బిడ్డా?" అన్నాడు.

పిల్ల నాలుగు నెలల తర్వాత నోరు తెరిచింది.

"అమ్మది. అమ్మనే తెచ్చుకున్నది."

ఏ మాట కోసం ఏలియా ఇన్ని రోజులు ఎదురుచూశాడో ఆ మాట వచ్చింది. అతని ఒళ్లంతా చల్లబడిపోయింది. సుందరమ్మవ్వ వెనకే వచ్చి నిలబడి ఉంది. వంగి, కారిన మైనం వేలితో తీసి వాసన చూసింది.

"గీ మైనం ఏడికెల్లి తెచ్చినవ్ కొడుకా?"

చెప్పాడు. దాచి లాభం లేదు. ముసలమ్మ తిట్టలేదు, కాళ్లు విరగ్గొట్టలేదు. తిడితే బాగుండునని అతనికి అనిపించింది.

"వాళ్లకున్నది గంత వెలుగే," అంది మెల్లగా. "అది నువ్వు ఎత్తుకొస్తివి. దాని ఎనకనే వచ్చిండ్రు. అడుసు దొక్కినవ్, ఇగ కాలు కడుగుడు మన చేతుల లేదు."

"ఆర్పేద్దమా అవ్వా?"

"వద్దు. మైనం కలిసిపోయింది. ఎవల్ది ఊదుతున్నమో ఎట్ల తెలుస్తది? కాలనీ. అందరు తలుపులేసుకోండ్రి. పిలుస్తరు... పలకకుండ్రి. పొద్దుగాల మిగిలిన మైనం ఏడిదాడ పెట్టి రండ్రి."

ఏడు తలుపులు మూసుకున్నాయి. సుందరమ్మవ్వ ఏలియా ఇంట్లోనే ఉండిపోయింది, మూలన కూర్చుని జపమాల తిప్పుతూ. ఏలియా బిడ్డను ఒళ్లో బిగించి పట్టుకున్నాడు. లోపల కటిక చీకటి. తలుపు కింది సందులోంచి మాత్రం మూడు వెలుగులు నేల మీద మూడు పసుపు గీతలు గీశాయి.

రాత్రి బండి వచ్చింది, పోయింది. తర్వాత చప్పుడు లేదు. కుక్కలు కూడా మొరగలేదు.

ఒక గీత మీద నీడ పడింది.

"మరియా..."

తలుపుకు పెదవులు ఆనించి మాట్లాడినట్టుంది. దానమ్మ గొంతే. జబ్బుకు ముందున్న గొంతు కాదు. ఆ చివరి రాత్రి, నీళ్లు లేక ఎండిపోయిన గొంతు.

"మరియా... సల్లగున్నది బిడ్డా. జర తలుపు తియ్యి."

పిల్ల ఒక్క ఉదుటున లేవబోయింది. ఏలియా ఆమె నోరు మూసి పట్టుకున్నాడు. అరచేతిని కొరికింది. అయినా అతను వదల్లేదు. ఆరేళ్ల పిల్లకు అంత బలం ఎక్కడిదో... కాళ్లు తన్నుకుంటోంది, తలుపు వైపు లాగుతోంది.

"నువ్వున్నవని తెలుసు," అంది ఆ గొంతు. ఈసారి అతనితోనే. "ఆ దినం నా పక్కల పండనియ్యకపోతివి. ఇయ్యాలన్న పండనియ్యి."

ఏలియాకు ఏడుపొచ్చింది. తప్పైంది దానమ్మా అని అరవాలనిపించింది. తలుపు తీసి కాళ్ల మీద పడాలనిపించింది. మూలనుంచి అవ్వ చేయి వచ్చి అతని భుజాన్ని గట్టిగా నొక్కింది. పళ్లు బిగించాడు. పలకలేదు.

చాలాసేపు ఏమీ లేదు. ఊపిరి చప్పుడు కూడా లేదు.

తర్వాత ఒక గీత కదిలింది... నేల మీంచి గోడ మీదికి పాకింది, సన్నబడింది, పోయింది. ఎవరో ఒక దీపాన్ని ఎత్తుకుని వెళ్లిపోతున్నారు. అడుగుల చప్పుడు లేదు. ఒళ్లో మరియమ్మ ఒక్కసారిగా మెత్తబడి నిద్రలోకి జారుకుంది.

"తనది తను తీస్కపోయింది," అని గుసగుసలాడింది అవ్వ. ఏలియా బిడ్డ నుదుటి మీద చేయి వేసి చూశాడు. వెచ్చగా ఉంది. గుండె చప్పుడు వినిపిస్తోంది. ప్రభువుకు దండం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

తెల్లవారకముందే తలుపులు తెరిచారు. ప్రతి గడప మీదా మనిషికొక మైనపు మరక ఉంది, ఎక్కువ వచ్చిన దీపాలు లేవు. ఏలియా గడప మీద రెండు మరకలున్నాయి. నిద్రపోతున్న బిడ్డ పక్కన అవ్వను ఉంచి, మరకలన్నీ గీకి మూట కట్టుకుని, మగవాళ్లంతా పట్టాలు దాటి బొందలగడ్డకు పోయారు.

తొమ్మిది సమాధుల మీదా ఒక్కో కొవ్వొత్తి ఉంది, సగం కాలి ఆరినది. సత్తయ్య తన తల్లి సమాధి మీది దాన్ని చూసి గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. "సల్లగ పోయిండ్రు అన్నా. మనకేం కాలే." తలా కాస్త మైనం చనిపోయినవాళ్ల పాదాల దగ్గర పెట్టారు. ఏలియా దానమ్మ సమాధి దగ్గర మోకరించాడు. క్షమించమని అడిగాడు. లేవబోతూ, ఆ కొవ్వొత్తి పక్కకు ఒరిగి ఉంటే సరిచేద్దామని చేయి పెట్టాడు.

అడుగున వేలికి ఏదో తగిలింది. పళ్ల గుర్తు. మధ్యలో సందుతో.

గడప మీద కాలిపోయింది దానమ్మ దీపం. దానమ్మ ఎత్తుకుపోయింది బిడ్డ దీపం.

ఆ సగం కొవ్వొత్తిని గుప్పిట్లో పట్టుకుని పట్టాలు, రాళ్లు చూడకుండా పరుగెత్తాడు. వాడలోకి వచ్చేసరికి పొద్దు బాగా పొడిచింది. మరియమ్మ గడప మీద కూర్చుని ఉంది. బతికే ఉంది. ఎండ సూటిగా ఆమె మొహం మీద పడుతోంది. పక్కన అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

అడుగుల చప్పుడు విని పిల్ల తల ఎత్తింది.

"నాయినా, ఇంక తెల్లారలేదా?"

ఏలియా ఆమె కళ్ల ముందు చేయి ఆడించాడు. రెప్ప పడలేదు.

"లేచినప్పటి సంది గిదే అడుగుతాంది," అంది అవ్వ.

దీపాల మనిషి జేబులో అగ్గిపెట్టె ఎప్పుడూ ఉంటుంది. మూడు పుల్లలు విరిగాయి, నాలుగోది అంటుకుంది. ఆ కొవ్వొత్తి వెలిగించాడు. పట్టపగటి ఎండలో మంట సరిగా కనిపించను కూడా లేదు. కానీ మరియమ్మ కళ్లు మెల్లగా తిరిగి అతని మొహం మీద నిలిచాయి. నవ్వింది. నాలుగు నెలల తర్వాత మొదటి నవ్వు.

"ఇప్పుడు కనిపిస్తున్నవ్ నాయినా."

ఏలియా చేతిలో ఉన్నది బొటనవేలంత మైనం. అది కరిగి వేళ్ల మీదికి కారుతోంది. కాలినా చెయ్యి కదిలించలేదు. ఎన్ని రోజులు వస్తుంది, ఎన్ని గంటలు వస్తుంది అని అతని మనసు అలవాటు కొద్దీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

పిల్ల చూపు అతని భుజం మీదుగా వెనక్కి పోయింది. నవ్వు ఆగిపోయింది.

"నాయినా... అమ్మ నీ ఎనక నిలవడి గట్ల ఎందుకు ఊదుతాంది?"

ఏలియా వెనక్కి తిరగలేదు. రెండో అరచేయి మంటకు అడ్డం పెట్టాడు. గాలి లేదు. దండెం మీద ఆరేసిన బట్ట కూడా కదలడం లేదు. అరచేతి చాటున ఉన్న మంట మాత్రం బిడ్డ వైపు ఒరిగి, వణికి, మళ్లీ ఒరిగింది.