చేత్తో చేసిన బుల్లెట్

ముందు టోపీ ఎగిరి పడింది. తర్వాత మనిషి పడ్డాడు. ఆ తర్వాతగానీ గుట్టల మీంచి తుపాకీ చప్పుడు రాలేదు.

పెట్రోల్ బంకు దగ్గర కారు టైరులో గాలి చూసుకుంటున్న ఆ మనిషి పేరుతో ఇక్కడ పనిలేదు. సోమవారం కోర్టులో సాక్ష్యం చెప్పాల్సినవాడు. డాక్టర్లు పుర్రె తెరిచి చూస్తే చిటికెడు రాగి పొట్టు, కాస్త సీసం బూడిద తప్ప బుల్లెట్ అనదగ్గదేదీ దొరకలేదు. బుల్లెట్ లేకపోతే ఏ తుపాకీదని తేల్చగలరు? హంతకుడు ఎదురుగా వచ్చి నిలబడ్డా పట్టుకోవడానికి ఆధారం లేదు.

అలా పోయినవాళ్లలో అతను మూడోవాడు.

మోంటానాలో రస్క్ క్రీక్ అనే చిన్న ఊరి కఫేలో, మెర్ల్ హాగెన్ ఈ సంగతంతా రూబార్బ్ పై అనే తీపి రొట్టె తింటూ తాపీగా చెప్పాడు. ఆయన్ని చూస్తే గోధుమలు అమ్ముకునే ముసలి రైతు అనుకుంటారు. నిజానికి ప్రభుత్వ గూఢచారి విభాగంలో ఆయనదో పెద్ద కుర్చీ. ఎదురుగా కూర్చున్న కొరీన్ స్ట్రాండ్ ఆయన మనుషుల్లోకెల్లా చిన్నది. తన ముందున్న పై ముక్క ముట్టలేదు. నాలుగేళ్ల కూతురు బిల్లింగ్స్‌లో అమ్మమ్మ దగ్గర ఉంది, పొద్దుటినుంచి జ్వరం. ఫోను బల్ల మీదే పెట్టుకుని అటో కన్ను, ఇటో చెవి వేసి వింటోంది.

"వాడు వాడేది వార్మింట్ రైఫిల్" అన్నాడు మెర్ల్. "నేల ఉడతల్నీ నక్కల్నీ కాల్చే తుపాకీ. దాని బుల్లెట్‌కి తొడుగు పల్చన. తగిలీ తగలగానే లోపలే తునాతునకలు. అందుకే మనకేమీ మిగల్చడు."

వాణ్ణి నడిపించేది హెరాన్ ముఠా. హెరాన్ అంటే కొంగ. పేరుకు తగ్గట్టే సముద్రం అవతల ఒంటికాలి మీద నిలబడి, జపం చేస్తున్నట్టే ఉండి, ఇక్కడి రహస్యాలు ఒక్కొక్కటే ముక్కున కరుచుకుపోతోంది. ఆ ముఠా ఆఫీసులో సంకేతాలు విప్పే గుమాస్తాగా పనిచేసి పారిపోయి వచ్చిన వెస్నా అనే అమ్మాయి ఒక్కతే ఇప్పుడు మిగిలిన సాక్షి. ఏడో నెల గర్భిణి. ఆమెను దాచి దాచి విభాగం విసిగిపోయింది. విభాగం కంటే ముందు ఆమే విసిగిపోయింది. ఈ బిడ్డను పెట్టుకుని ఇంకెన్ని ఊళ్లు మారమంటారు, వాణ్ణే రమ్మనండి, నేను ఎదురుగా కూర్చుంటాను అందట.

ట్రిగ్గర్ మీద వేలుండగా పట్టుకోవాలి. గుండు పేలాలి, వెస్నా బతకాలి. రెండూ జరగాలి.

"మీ తాత బుల్లెట్లు చేసేవాడు కదమ్మాయ్" అన్నాడు మెర్ల్. "ఆ విద్య ఇంకా చేతుల్లో ఉందా?"

కొరీన్ అప్పుడు ఫోను మీంచి కళ్లెత్తింది.

వెస్నా వచ్చే చోటు ముఠా చెవిన వేసేది లొరెయిన్ వాక్స్. తెల్ల టోపీ, ఎర్ర బూట్లు. ఆమె నడిచొస్తే కఫేలో గరిటెలు కూడా ఆగిపోతాయి. హెరాన్‌లో విభాగం తరఫున ఉన్న మనిషి. కానీ పోయిన ముగ్గురూ లొరెయిన్‌కు తెలిసిన చోట్లలోనే పోయారు. అందుకే కొరీన్ సంగతి ఆమెకు చెప్పలేదన్నాడు మెర్ల్. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. బుల్లెట్ పట్టిస్తుందేమో చూద్దామన్నది ఆయన లెక్క.

*

ఊరి చివర లోకెన్ అనే ముసలాయన బుల్లెట్ల షెడ్డు ఉండేది. ఆయన పోయాక తాళం పడింది. ఆ తాళం తీసి, ఆయన మేనకోడలినని చెప్పుకుని కొరీన్ దిగింది. జుట్టు గోధుమరంగు నుంచి నలుపైంది. వేళ్లకు గొర్రె ఉన్ని కొవ్వు వాసన పట్టింది. బుల్లెట్‌కు తొడుగయ్యే బుల్లి రాగి గిన్నెలో సీసం ముక్క వేసి, ఆ కొవ్వు రాసి, మీట నొక్కి మొన తేల్చడమే పని. ఈ సారి రాగి గిన్నెలు మాత్రం మామూలు వాటికంటే పల్చనివి తెప్పించుకుంది.

ఉడతల వేటకు బుల్లెట్లు కావాలంటూ లొరెయిన్ వెంట వచ్చినతను పేరు లేలండ్ క్రూ అన్నాడు, ఊరు ఒహాయో అన్నాడు. రెండూ అబద్ధమేనని అతని బూట్లే చెబుతున్నాయి. వాటికి ఒక్క గడ్డిపరకైనా అంటలేదు. ఎర్ర ప్లాస్టిక్ మొన ఉన్న ఫ్యాక్టరీ బుల్లెట్ ఒకటి, కొరీన్ చేసింది ఒకటి తీసి పక్కపక్కన పెట్టాడు. ఏది మంచిదని అడిగాడు.

కావాలనుకున్న సరుకును పొగిడితే వీడు అనుమానిస్తాడు. కొరీన్ మీట వదల్లేదు.

"ఫ్యాక్టరీవే తీసుకోండి. మెషిన్ అలిసిపోదు. ఒక డబ్బా ఎట్లా ఉంటే పదో డబ్బా అట్లాగే ఉంటుంది. నావి అట్లా కాదు. పిల్లకి జ్వరమని తెలిసిన రోజు చేసినవి నేనే అమ్మను."

"మరి ఈ షెడ్డెందుకు?"

"బుల్లెట్ మీద బుల్లెట్ వేసి ఒకే కన్నం చేసే పిచ్చోళ్లు కొందరుంటారు. వాళ్ల కోసం. మీలాంటి పెద్దమనుషులకి ఎందుకండీ ఇవి?"

లొరెయిన్ కూడా ఫ్యాక్టరీవైపే మాట్లాడింది. తను పశువుల శాలలోనే పెరిగిందట, వాళ్ల నాన్న జన్మలో చేతి సరుకు కొనలేదట. డబ్బా కొనుక్కో బంగారం, పోదాం పద అంది. ఆ మాటతో క్రూ మెడ ఎర్రబడింది. ఒకరు పెద్దమనిషన్నారు, ఒకరు చేతకాదన్నట్టు మాట్లాడారు. షెడ్డు వెనక బల్ల దగ్గరికి నడిచి చేతి బుల్లెట్లు అయిదు కాల్చాడు. కాల్చిన ప్రతిసారీ గొట్టం తుడిచాడు, గాలికి చల్లారనిచ్చాడు, మళ్లీ కాల్చాడు. అయిదూ కలిసి గోలీ పట్టేంత కన్నం చేశాయి.

కొరీన్ చూడాల్సింది చూసింది. వీడు ఒక్క గుండు మనిషి. చల్లటి గొట్టంతో ఒక్కటి కాల్చి గుట్ట దిగి వెళ్లిపోయే రకం. పొద్దంతా నేల ఉడతల్ని కాలిస్తే గొట్టం ఏమవుతుందో, పల్చటి తొడుగు ఏమవుతుందో ఎన్నడూ చూసి ఉండడు.

"ఇవే కావాలి" అన్నాడు క్రూ.

"మీ ఇష్టమండీ" అంది కొరీన్, అయిష్టంగా.

*

ఆస్ట్‌బీ అనే ముసలాయన పశువుల బీడులో ఏటా జూన్‌లో ఉడతల వేట పెడతారు. కన్నాల్లో కాలు పడి ఆవులు కుంటివవుతుంటే ఆ ముసలాయన చూస్తూ ఊరుకోడు. వచ్చినవాళ్లంతా బల్లలేసుకుని పొద్దుటినుంచి కాలుస్తారు. మధ్యాహ్నం ఇనుప కడ్డీ మోగించాక వాగు అవతల అందరికీ భోజనం. అన్ని తుపాకుల మధ్య ఒక గుండు దారి తప్పి ఒక గర్భిణికి తగిలితే ప్రమాదమంటారు, ఏడుస్తారు, పూడ్చిపెడతారు. హెరాన్ పథకం అదే.

క్రూ బల్ల సర్దుకుని చేతులు కట్టుకు కూర్చున్నాడు. గొట్టం చల్లగా ఉంచుకుందామని అతని ఆలోచన. ఆస్ట్‌బీ మాత్రం బల్లబల్లకీ తిరుగుతూ, కాల్చనివాడి దగ్గర ఆగే మనిషి.

"ఏం నాయనా, ఉడతలకి దణ్ణం పెట్టుకోడానికొచ్చావా? మా బీడులో ఊరికే కూర్చునేది ఆవులొక్కటే."

పక్క బల్లలవాళ్లు పగలబడి నవ్వారు. అందరి కళ్లూ తన మీదే పడితే హంతకుడు ఏం చేస్తాడు? కాల్చాడు. మొదటి ఉడత కన్నం అంచునే రెండు ముక్కలై గాల్లోకి లేచింది. రెండోది తల లేకుండా కూర్చుండిపోయింది. ముసలాయన భుజం తట్టి, ఆపకు అన్నాడు. ఆపినప్పుడల్లా మళ్లీ వచ్చాడు. గడ్డి మీదంతా నెత్తురు చిమ్మింది. పైన గద్దలు చేరాయి.

కొరీన్ తన సరుకు పనితనం చూసుకునే దుకాణందారులా పక్కనే దుర్బీను పెట్టుకుని కూర్చుంది. ఒళ్లో ఫ్లాస్కు. అందులో కాఫీ అడుగున కొంచెమే, మిగతాదంతా రేడియో. 'కాఫీ చల్లారింది' అంటే వెస్నాను కాపలావాళ్లు నేలకు పడేసి ఈడ్చుకుపోతారు. 'కాఫీ ఇంకా వేడిగానే ఉంది' అంటే కదలకుండా కూర్చోబెడతారు.

ఎండెక్కింది. గొట్టం మీద గాలి సన్నగా వణుకుతోంది. క్రూ కాల్చాడు. ఉడత అలాగే నిలబడి ఉంది. మళ్లీ కాల్చాడు. అదే ఉడత, అదే నిలబడడం. దుర్బీనులో కొరీన్‌కు కనబడుతూనే ఉంది. సగం దారిలో బూడిదరంగు దారంలాంటి గీత, దాని కొసన చిన్న పొగ. గొట్టం లోపలి మెలికలు గిర్రున తిప్పి వదిలేసరికి, వేడికి మెత్తబడ్డ పల్చటి తొడుగు ఆ తిరుగుడుకే విచ్చిపోతోంది.

"గాలి" అన్నాడు క్రూ పళ్లబిగువున.

"గాలేనండి" అంది కొరీన్.

అప్పుడే వాగు అవతల కారు ఆగింది. కాపలావాళ్ల మధ్య నీలం గౌనులో వెస్నా దిగి భోజనాల బల్ల దగ్గర కూర్చుంది. ఆస్ట్‌బీ కడ్డీ మోగించడానికి వెళ్లాడు. క్రూ చేతి బుల్లెట్ తూటా ఒకటి గొట్టంలోకి తోసి, వేలు మాత్రం ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచి, వేచి చూశాడు. చల్లారనిస్తున్నాడు. కొరీన్ గొట్టం మీది గాలినే చూస్తోంది. ఎంత చల్లారితే బుల్లెట్ నిలుస్తుంది? తాత ఉంటే చెప్పేవాడు.

క్రూ వెనకే నిలబడి చూస్తున్న లొరెయిన్ బైనాక్యులర్స్ దించింది. నములుతున్న బబుల్‌గమ్ ఆగింది. పశువుల శాలలో పెరిగానన్నది నిజమే మరి. జీపులోంచి ఎర్ర మొనల ఫ్యాక్టరీ డబ్బా తెచ్చి క్రూ మోచేతి దగ్గర పెట్టింది.

"గాలి కాదు. నీ బుల్లెట్లు దారిలోనే పేలిపోతున్నాయి. అది తీసేసి ఇది పెట్టు. పని కానియ్."

ఆ 'పని' అన్న మాటతో ఇంటి దొంగ దొరికింది. కొరీన్ కాలు లేచింది. డబ్బా ఎగిరి తూటాలన్నీ ముళ్లపొదల్లోకి చెల్లాచెదురయ్యాయి.

లొరెయిన్ ఎర్ర బూటులోంచి చిన్న పిస్తోలు తీసింది. మొదటి గుండు కొరీన్ చెవి తమ్మెను కోసుకుపోయింది. రెండోది రాకముందే కొరీన్ ఆమెను జీపు వెనక్కి నెట్టి, ఆ మణికట్టు మీద తలుపు వేసేసింది. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. పిస్తోలు జారింది. లొరెయిన్ రెండో చేత్తో ఆమె జుట్టు పట్టుకుని ముఖాన్ని ఇనుపరేకుకేసి కొట్టింది. నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది. కొరీన్ గొట్టం తుడిచే ఉక్కు కడ్డీ అందుకుని మోకాలి మీద ఒక్కటి, దవడ మీద ఒక్కటి ఇచ్చింది. తెల్ల టోపీ దుమ్ములో దొర్లింది. దాని వెంటే లొరెయిన్ కూడా.

ఇంత జరుగుతున్నా క్రూ స్కోపు మీంచి కన్ను తీయలేదు. కొత్త తూటా పెట్టుకునే వ్యవధి లేదు. కలకలం విని వెస్నా లేచి నిలబడుతోంది. అతని వేలు ట్రిగ్గర్ మీదికి చేరింది.

కొరీన్ దూకి గొట్టం పట్టుకుంది.

చర్మం సుయ్యిమంది. కాలిన వాసన వేసింది. అరచెయ్యి అతుక్కుపోయింది. పక్కకు లాగేస్తే వెస్నాకు ఏమీ కాదు, ఈ రోజుకి. వీడు తుపాకీ పట్టుకున్న ఒహాయో పెద్దమనిషిగానే మిగిలిపోతాడు. రేపు ఇంకో ఊరు, ఇంకో గుట్ట. కూతురి నుదురు గుర్తొచ్చింది. జ్వరాన్ని తను థర్మామీటరుతో ఎప్పుడూ చూడదు, అరచేత్తోనే చూస్తుంది. ఆ చెయ్యి ఇంతవరకూ తప్పు చెప్పలేదు.

కొరీన్ చెయ్యి వదిలేసింది. ఫ్లాస్కు వైపు వంగింది.

"కాఫీ ఇంకా వేడిగానే ఉంది."

వాగు అవతల ఎవరూ కదల్లేదు. తుపాకీ పేలింది. గడ్డి మీద సగం దూరంలో బూడిదరంగు గీత పుట్టి, పువ్వులా విచ్చుకుని, గాలికి పోయింది. వెస్నా నిలబడే ఉంది, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని.

క్రూ తిరిగాడు. మొదటిసారి అతని ముఖంలో ఏదో కనబడింది. తుపాకీ తిరగేసి మడమతో కొరీన్ తల పగలగొట్టబోయాడు. పక్క బల్లల మీంచి ఇంతసేపూ ఉడతల్ని కాలుస్తున్న 'వేటగాళ్లు' నలుగురూ అప్పటికే మీద పడ్డారు. అందులో ఒకడు, పొద్దుటినుంచీ టోపీ కళ్ల మీదికి దించుకుని కూర్చున్న మెర్ల్ హాగెన్. ఆ వయసులో అంత గుద్దు గుద్దుతాడని ఎవరూ అనుకోరు. క్రూ ముక్కు ఒక పక్కకు తిరిగిపోయింది.

బేడీలు వేశాక కూడా క్రూ బల్ల మీది చేతి బుల్లెట్లనే చూస్తున్నాడు. కొరీన్ భోజనాల దగ్గర్నుంచి తెచ్చిన ఐసు నిమ్మరసం జగ్గులో మణికట్టు దాకా చెయ్యి ముంచి కూర్చుంది. రెండో చేత్తో అమ్మకు ఫోను చేస్తోంది. రాత్రి మళ్లీ వచ్చిన జ్వరం తగ్గిందట, పిల్ల పాన్‌కేక్ అడిగిందట.

క్రూ నెత్తురు మింగి, ఒక్కటే అడిగాడు. అసలు తను ఏవి కొనాల్సింది అని.

కొరీన్ ఫోను చెవి దగ్గర్నుంచి కాస్త తీసింది.

"ఫ్యాక్టరీవి. మొదటి రోజే చెప్పాను కదండీ."