తెలియని మాట

'ఏక్' అనే ఇంగ్లీషు మాట పాఠాల్లోంచి పోయిన రోజున కూడా ఎస్తేరు టీచర్ మొదటి గంటకే తరగతిలో ఉంది. ఆ ఉదయం తీసేసిన మాటలు గోడతెర మీద ఒక్కొక్కటే వెలిగి ఆరిపోతున్నాయి. పిల్లలు వాటిని పలకల మీంచి తుడిచేస్తున్నారు. మార్కాపురంలో పలకలకు కొదవ లేదు. వాటి మీద రాసుకునే మాటలే తగ్గిపోతున్నాయి.

అందరి మెడలోనూ పలుకుబిళ్ళ ఉంటుంది. తెలుగులో ఏమన్నా దాన్ని క్షణంలో ఇంగ్లీషు చేసి అంగడికీ, బస్సుకీ, ఆస్పత్రికీ చేరవేస్తుంది. పొరపాట్లు రాకూడదని ఒక భావానికి ఒకే మాట, ఒక మాటకు ఒకే భావం అని పలుకుశాఖ నియమం పెట్టింది. బ్యాంకు అంటే డబ్బు దాచే చోటు మాత్రమే. ఏటిగట్టు అనే అర్థాన్ని కొట్టేశారు. నొప్పికున్న పర్యాయపదాలన్నీ బిళ్ళల్లోంచి ఎప్పుడో పోయి, 'పెయిన్' ఒక్కటే మిగిలింది; ఇప్పుడు పాఠాల్లోంచీ పోతున్నాయి.

పోయిన వానాకాలంలో ఆమె భర్త యోహాను, డాక్టరుకు బదులు పెట్టిన వైద్యపేటిక ముందు కూర్చుని, "రొమ్ము మీద బండ పెట్టినట్టుంది. ఎడంచెయ్యి తీపులు తీస్తా ఉంది" అన్నాడు. బిళ్ళ 'పెయిన్' అంది. మళ్ళీ 'పెయిన్' అంది. పేటిక నొప్పిమాత్ర ఇచ్చింది. దాన్ని చేతిలో పట్టుకునే ఆయన ఇంటి మెట్ల మీద ఒరిగిపోయాడు.

"తుడవబాకండి," అంది ఎస్తేరు.

పిల్లల చేతులు ఆగాయి.

"కాసింబీ, పన్ను నొప్పొస్తే ఎట్టా ఉంటది?"

"సలుపుద్ది టీచర్. లోపలెవరో డప్పు కొట్టినట్టు."

"దాన్ని 'త్రాబ్' అంటారు. రాసుకో. తిరుపాలూ, తేలు కుడితే?"

"నన్నెందుకు కుడతది టీచర్? మా నాయన్ని కుట్టింది!" తరగతి ఘొల్లుమంది. "చురుక్కుమందంట."

"అది 'స్టింగ్'."

గుమ్మంలో పలుకుశాఖ పర్యవేక్షకుడు రంగనాయకులు నిలబడి అంతా విన్నాడు.

"టీచరమ్మా, ఎట్టా చెప్పినా నొప్పి నొప్పే గదా?"

"ఎట్టా చెప్పినా ఒకటే అయితే మా ఆయన ఇంట్లో ఉండేవాడు సార్."

ఆయన గొంతు తగ్గించాడు. "నీ బాధ నాకు తెలుసమ్మా. కానీ ఈ పిల్లలు పోయి పేటికతో ఈ పాతమాటలే అన్నారనుకో, దానికి అర్థం గాక ఆగిపోద్ది. తెలుగైతే దాని చెవికే ఎక్కదు గానీ, తెలియని ఇంగ్లీషు మాట వినపడితే డాక్టరే లైన్లోకి రావాలని నియమం. డాక్టర్లు చాలకే గదా పేటికలు పెట్టుకుంది!"

సుద్దముక్క ఎస్తేరు వేళ్ళ మధ్య నిలిచిపోయింది. "మనిషే వస్తారా?"

"రావాల్సిందే."

"అయితే ఇంకా బాగా నేర్పుతాను."

"ఉద్యోగం పోతది."

"మాటలు పోతుంటే చూశాను. మనిషి పోతుంటే చూశాను. దాన్నీ చూస్తాను. మీరు కూర్చోండి సార్, పాఠం సగంలో ఉంది."

ఆయన కూర్చోలేదు. ఆ వారంలోనే ఆమెను బడికి రావద్దన్నారు.

నెల తిరగకముందే కాసింబీ వాళ్ళ నాయనమ్మ కాలిపుండుతో పేటిక ముందు కూర్చుంది. కాసింబీ ఆమె మెడలోదీ తన మెడలోదీ బిళ్ళలు తీసి పక్కన పెట్టి, తనే పేటికతో 'త్రాబ్' అంది. పేటిక మూగబోయింది. కాసేపటికి అందులోంచి ఒక ఆడగొంతు పలికింది.

"ఎవరమ్మా? ఏమైంది? నిదానంగా చెప్పండి."

ముసలామె ఏడ్చేసింది. పుండు సంగతి చెప్పింది. గుంటలో పడ్డ గేదె సంగతీ, మనవరాలు వద్దంటున్నా, చెప్పింది. డాక్టరు అంతా విని, పుండు లోపలికి దిగిందని చెప్పి, వెంటనే ఆస్పత్రికి తీసుకురమ్మంది. కాలు దక్కింది.

ఆ తర్వాత జనం ఎస్తేరు ఇంటికే రావడం మొదలుపెట్టారు. "టీచరమ్మా, నడుముకొక మాట ఇయ్యి." "నాకే జబ్బూ లేదు గానీ, ఒకసారి మనిషితో మాట్లాడాల. దానికేదన్నా ఉందా?" ఆ చివరి రకం వాళ్ళే ఎక్కువ. రోగాలను లెక్కగట్టి పేటికలు చేసినవాళ్ళు ఈ రోగాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఎస్తేరు ఎవరినీ వెనక్కి పంపలేదు. యోహాను ఒరిగిన మెట్ల మీదే కూర్చోబెట్టి, పలక ఇచ్చి, మాట నోటికి వచ్చేదాకా పలికించింది.

యోహాను చెప్పిన తీపులకు 'ఏక్' అనే మాట ఉంది. ఆ పాఠం ఆమె ఇంకా చెప్పలేదు.