చెల్లని వాంగ్మూలం

కాట్రేనికోన రేవులో ఉదయం పదకొండు గంటలకు చిన్నబ్బాయి చచ్చిపోయాడు. చేపల వేలం పాడుతూ ‘రెండోసారి’ అన్నాడు. ‘మూడోసారి’ అనేలోగా తూటా గొంతు చీల్చుకుపోయింది.

ఆ రక్తం ఏజెంట్ నిఖిత ముఖం మీద పడింది. రొయ్యల మేత కంపెనీ టోపీ పెట్టుకుని, అయిదడుగుల దూరంలో నిలబడి ఉందామె. చిన్నబ్బాయి ఆమె ఇన్‌ఫార్మర్. తాటిపాక గ్యాస్ వాల్వుల దగ్గర బాంబు పెట్టారనీ, పదకొండున్నరకు పేలుతుందనీ వేలానికి లేచేముందు ఆమె చెవిలో చెప్పగలిగాడు. ఏ వాల్వో చెప్పలేకపోయాడు.

కొబ్బరితోటలోకి పారిపోతున్న హంతకుణ్ణి పరుగు తీరు చూసే గుర్తుపట్టింది. సింహాద్రి! ‘ఆర్కిడ్’ అనే విదేశీ ముఠాకి ఇక్కడి మనిషి.

రెండేళ్ల క్రితం వాణ్ణి పట్టుకుంది ఆమే. కాలవలో తల ముంచి నిజం కక్కించిందీ ఆమే. హింసించి రాబట్టిన వాంగ్మూలం చెల్లదని జడ్జిగారు దాన్ని పక్కన పెట్టేశారు. వేరే సాక్ష్యం లేదు. సింహాద్రి కోర్టు మెట్లు దిగుతూ ఆమెకు నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారం ఇంకా మండుతూనే ఉంది.

పరిగెడుతుంటే ఇయర్‌పీస్‌లో చీఫ్ సూర్యప్రకాశరావు గొంతు.

“తాటిపాకలో బాంబ్ స్క్వాడ్ వెతుకుతోంది. అరవై వాల్వులు. ఊరు ఖాళీ చేయించే టైం లేదు. సింహాద్రి ప్రాణాలతో కావాలి. ఈసారి కేసు నిలవాలి.”

“ముఠాలో మనవాళ్లెవరైనా ఉన్నారా సర్?”

“ఒకరున్నారు. పేరు చెప్పను. కోడ్ మాట, ‘గౌతమికి పోటొచ్చింది’.”

రొయ్యల చెరువు గట్టున ఉన్న పంపు షెడ్డులోకి సింహాద్రి దూరాడు. గుమ్మంలో కాపలావాడు తుపాకీ ఎత్తాడు. నిఖిత వాడి నుదుటి మీద కాల్చింది. లోపల ఇంకొకడు ఇనప రాడ్డుతో ఆమె వీపు మీద బాదాడు. వాడి జుట్టు పట్టి తలను ఇంజను చక్రానికేసి కొట్టింది. వాడు మళ్లీ లేవలేదు. సింహాద్రి తుపాకీ ఖాళీ. వాణ్ణి నేలకు అదిమి మోకాలు మెడ మీద పెట్టింది.

మూల కుర్చీలో లక్ష్మీతులసి. పట్టుచీర, నల్లకళ్లద్దాలు. విదేశీ బయ్యర్లను బుట్టలో వేసుకోవడానికి ముఠా వాడుకునే అందగత్తె.

“కదిలితే కాల్చేస్తా,” అంది నిఖిత.

సింహాద్రి నెత్తుటి పళ్లతో నవ్వాడు.

“కొట్టండి మేడంగారూ! పోయినసారిలాగే కక్కేస్తానండి. కోర్టు మళ్లీ వదిలేస్తుందండి.”

పదకొండూ ఇరవై ఆరు. ఆ వాల్వుల చుట్టూ ఇళ్లు, బడులు. వీడు బయటపడితే పడనీ అనుకుంది నిఖిత. వాడి చూపుడువేలు పట్టుకుంది. అడగడానికి నోరు తెరిచింది.

“ఆగండి!” లక్ష్మీతులసి లేచింది. తనెవరో బయటపడితే ఆర్కిడ్ బతకనివ్వదని ఆమెకు తెలుసు. “గౌతమికి పోటొచ్చిందండి. పదిహేడో వాల్వు, ఇసక బకెట్టులో. పొద్దున వీడు పెడుతుంటే నా కళ్లతో చూసేనండి. ఫోన్ లాక్కున్నారు, చెప్పలేకపోయేను. కోర్టులో చెబుతాను.”

“పదిహేడు! ఇసక బకెట్టు!” మైకులో అరిచింది నిఖిత.

ఆ క్షణంలో సింహాద్రి విదిలించుకున్నాడు. మొలలోంచి తీసిన కత్తి లక్ష్మీతులసి భుజంలో పిడిదాకా దిగింది. రెండోసారి ఎత్తిన చేతిని నిఖిత అందుకుని మణికట్టు విరిచేసింది. ఆపైన ముక్కు. ఆపైన పక్కటెముకలు.

ఇయర్‌పీస్‌లో బాంబ్ స్క్వాడ్ కబురొచ్చింది. టైమర్ రెండు సెకన్ల దగ్గర ఆగింది.

మూడు నెలల తర్వాత, అమలాపురం కోర్టులో లక్ష్మీతులసి చూసిందంతా చెప్పింది. తర్వాత నిఖిత బోనెక్కింది. డిఫెన్స్ లాయరు హుషారుగా లేచాడు.

“నా క్లయింటు మణికట్టు, ముక్కు, మూడు పక్కటెముకలు విరిగేయి. మీరే కొట్టేరు కదండీ?”

“ఆయ్, నేనేనండి. కానీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదండి.”