తోడు ఫీల్డు

ఆ హాస్పిటల్ బేస్‌మెంటులో కిటికీ లేదు. పైన మిట్టమధ్యాహ్నమైనా కింద మాకు ట్యూబ్‌లైటే దిక్కు. ఫినాయిలూ తడిగోడా కలిసిన వాసన. బయట పొద్దుటినుంచీ వాన. తలుపు కిందనుంచి సన్నగా నీళ్లు వస్తున్నాయంటే వాచ్‌మన్ "ఏటా వచ్చేవే సార్" అని ఒక గుడ్డ పరిచి వెళ్లిపోయాడు.

పాత సాఫ్ట్‌వేర్‌లోని రోగుల వివరాలన్నీ కొత్తదానికి మార్చడం నా పని. ఆపరేషనై మూడో అంతస్తులో మా అక్క పడుకుని ఉంది. ఒకే బిల్డింగులో ఉన్నావుగా, ఇంకేం అన్నాడు బాస్ సెలవడిగితే. నిద్రలేక కళ్లు మండుతున్నాయి. కొత్త సాఫ్ట్‌వేర్ పనిచేస్తుందో లేదో చూడ్డానికి అందరికంటే ముందు నా పేరే రోగిగా ఎక్కించాను. జబ్బు దగ్గర సరదాకి 'చాకిరీ' అని రాశాను. నవ్వడానికి కూడా ఓపిక లేకపోయింది.

ఒక్క ఫీల్డు దగ్గర, అంటే రోగి వివరాల్లో ఒక్క గడి దగ్గర, పని ఆగిపోయింది. దాని పేరు 'తోడు'. రోగి దగ్గరుండే బంధువు కాబోలనుకున్నాం అందరం. కానీ అందులో ఉండేది ఒట్టి నంబరు. బంధువుల పేర్లుండే పట్టికలో, మా భాషలో టేబుల్లో, వెతికితే ఆ నంబర్లే లేవు. విసుగొచ్చి వార్డు సిస్టర్‌కి ఫోన్ చేశాను.

"అది మేం నింపం సార్. దానంతటదే పడుతుంది."

"ఎప్పుడు?"

"పనుంది సార్" అని పెట్టేసింది.

ఇక గుడ్డిగా వెతకడమెందుకని సాఫ్ట్‌వేర్‌కి పునాదిలాంటి ఫ్రేమ్‌వర్క్‌నే అడిగాను. ఏ ఫీల్డు ఏ టేబుల్‌ని చూపిస్తుందో దాని డేటాబేస్ లేయర్‌కి తెలుసు. ఒక్క లైను రాస్తే చెప్పేస్తుంది. రాశాను.

జవాబొచ్చింది: 'రోగులు'.

అంటే రోగికి తోడు ఇంకో రోగి. ఆ నంబర్లు ఒక్కొక్కటీ తీసి చూశాను. మరణించారు. మరణించారు. అందరూ అంతే... ఎవరి పక్కన ఆ నంబరు పడిందో, వాళ్లూ అది పడిన రోజే పోయారు.

కొత్తదాంట్లో అక్క వివరాలు తెరిచాను. పొద్దున ఖాళీగా ఉన్న ఫీల్డు. ఇప్పుడు అందులో నంబరుంది. వెంటనే అక్కకి ఫోన్ చేశాను.

"అక్కా... నీ దగ్గర ఎవరున్నారు?"

"ఎవరో పెద్దావిడరా బుడ్డోడా," ఫోన్లో గుసగుసగా అంది. "కుర్చీ మంచానికి ఆనించుకుని కూర్చుంది. రమ్మంటోంది."

"వెళ్లకు! లైన్లోనే ఉండు."

పైకి పరిగెత్తాల్సింది. మా కంప్యూటర్ వాళ్ల బుద్ధి కీబోర్డు దాటి పోదు కదా. నంబరు చెరిపేసి సేవ్ కొట్టాను. మళ్లీ తెరిస్తే అదే నంబరు. మళ్లీ చెరిపాను. మళ్లీ అదే. ఫోన్లో అక్క ఊపిరి పలచబడుతోంది... ఏం పెట్టాలో తోచనప్పుడు 'ఒకటి' కొట్టేయడం మా పనిలో అందరికీ ఉన్న అలవాటు. కొట్టాను. సేవ్.

ఈసారి నిలిచింది.

"అక్కా?"

"లేచి వెళ్లిపోయిందిరా." అక్క గొంతు తేటపడింది. నాకు ఏడుపొచ్చేసింది. మా అక్క నాకు దక్కింది. అలాగే బల్లమీద తల వాల్చేశాను.

అప్పుడు గుర్తొచ్చింది. కొత్త టేబుల్లో ఒకటో నంబరు రోగిని నేనే.

"ఈమాత్రానికి ఫోనెందుకురా?" అక్క నవ్వుతోంది. "నా పక్కనే కూర్చుని..."

ఫోన్‌ని చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను.

"అదేంట్రా, చొక్కా అంతా అలా తడిసిపోయింది?"

తడుముకుని చూసుకున్నాను. పొడిగానే ఉంది. తలుపు కింది నీళ్లు మాత్రం కరెంటు వైర్లన్నీ దాటుకుని నా కుర్చీ దాకా వచ్చేశాయి.